పెట్టెలతో ఎన్ని మెట్లెక్కాలి? యూరప్‌లో బస గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడుగుతున్నాయి: యూరప్‌లో గది ఎక్కడ తీసుకోవాలి? అన్నీ విశాఖ నుంచే వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మే నెలలో పారిస్‌లో ఐదు రాత్రులు ఉంటాం. మేమిద్దరం, మా అత్తమామలు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఈఫిల్ టవర్ కనిపించే గది కావాలని మావారు, ఇండియన్ భోజనం దొరికే గార్ దు నోర్ స్టేషన్ దగ్గర తీసుకోమని మావయ్యగారు. ఎవరి మాట వినాలి?
(ఎంవీపీ కాలనీ పాఠకురాలు)

ఇద్దరి మాటా వద్దు. టవర్‌ని ఐదు రోజుల్లో ఒకసారో రెండుసార్లో చూస్తారు. గది నుంచి మెట్రోకి, మెట్రో నుంచి గదికి మాత్రం రోజుకి నాలుగుసార్లు తిరుగుతారు. ఆర్కే బీచ్ చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ బీచ్ రోడ్డులోనే దిగరు కదా! ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గర్లో దిగితే సింహాచలానికైనా కైలాసగిరికైనా బస్సు దొరుకుతుంది. పారిస్‌లోనూ అదే లెక్క.

మీ ఇంట్లో తేల్చుకోవాల్సింది టవరూ కాదు, ఇడ్లీ కాదు, అత్తయ్యగారి మోకాళ్లు. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాత లైన్లలో చాలా స్టేషన్లకి లిఫ్టు లేదు. ఎస్కలేటర్ ఉన్నచోట కూడా అది సగం దూరమే తీసుకెళ్తుంది, మిగతాది మెట్లే. ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కాలంటే పొడవాటి సొరంగాల్లో ఎక్కుతూ దిగుతూ నడవాలి. 1998లో వచ్చిన 14వ లైను ఒక్కటీ వేరు, దాని స్టేషన్లన్నింటికీ లిఫ్టులున్నాయి. అందుకే ఆ లైను మీదున్న గార్ ద లియోన్, బెర్సీ స్టేషన్ల చుట్టుపక్కల చూడమంటాం. గార్ ద లియోన్ పెద్ద రైల్వే స్టేషన్ కూడా కాబట్టి చుట్టూ రెండు, మూడు నక్షత్రాల హోటళ్లు చాలానే ఉంటాయి.

పెద్దవాళ్లకి మెట్రో కంటే బస్సు నయం. పారిస్ సిటీ బస్సులు నేలకి తక్కువ ఎత్తులో ఉంటాయి, మెట్లుండవు. గార్ ద లియోన్‌కి దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న బాస్టీల్ మీదుగా 69వ నంబరు బస్సు వెళ్తుంది. లూవ్ర్ మ్యూజియం పక్కనుంచి వెళ్లి ఈఫిల్ టవర్ ముందున్న షాం ద మార్స్ మైదానం దాకా చేరుస్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే సగం ఊరు చూసినట్టే.

ఇక మావయ్యగారి కోరిక. గార్ దు నోర్‌కీ లా షాపెల్ మెట్రోకీ మధ్య ఫోబూర్ సెన్ దెనీ వీధిలో శ్రీలంక తమిళుల దుకాణాలు, టిఫిన్ హోటళ్లు వరసగా ఉన్నాయి. దోసె, ఇడ్లీ, సాంబారు, అన్నీ దొరుకుతాయి. గార్ ద లియోన్‌లో ఆర్‌ఈఆర్ డి అనే లోకల్ రైలెక్కితే రెండో స్టాపే గార్ దు నోర్. తినడానికి తప్పకుండా వెళ్లండి, మకాం మాత్రం అక్కడ వద్దు. స్టేషన్ చుట్టూ రాత్రిళ్లు రద్దీ, రొద, జేబుదొంగల బెడద. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని పది గంటలకి నడిచే చోటు కాదు.

చిరునామా చూడటంలో ఒక కిటుకుంది. పారిస్‌లో 20 వార్డులు. మధ్యలో మొదలై నత్తగుల్ల చుట్టల్లా బయటికి తిరుగుతాయి. పిన్‌కోడ్‌లో చివరి రెండంకెలే వార్డు నంబరు: 75012 అంటే పన్నెండో వార్డు. ప్రకటనలో ‘పారిస్’ అని ఉండి పిన్‌కోడ్ 92, 93, 94తో మొదలైతే అది ఊరి బయట. గాజువాకలో గది ఇచ్చి బీచ్‌కి దగ్గరే అన్నట్టు. రైలు పక్కనే ఉంటే ఊరి బయటైనా తప్పు లేదు, తెలిసి తీసుకోండి, అంతే.

గది సైజు గురించి ముందే చెప్పాలి, లేకపోతే వెళ్లాక గొడవలవుతాయి. మూడు నక్షత్రాల డబుల్ రూమ్ అంటే బాత్‌రూమ్‌తో కలిపి 12 నుంచి 15 చదరపు మీటర్లు. మన లెక్కలో 130 నుంచి 160 చదరపు అడుగులు. పెద్ద పెట్టెలు రెండూ ఒకేసారి తెరిచి పెట్టడానికి నేల చాలదు. మంచం వెడల్పు చాలాచోట్ల 140 సెంటీమీటర్లే, అంటే నాలుగడుగుల ఏడంగుళాలు. అత్తమామలకి విడివిడి మంచాలు కావాలంటే ‘డబుల్’ అని కాకుండా ‘ట్విన్’ అని బుక్ చేయాలి. నలుగురికీ ఒకే గది కోసం వెతక్కండి. చాలా తక్కువ హోటళ్లలో ఉంటుంది, ఉన్నా అందులో ఒకటి సోఫా మంచం. మధ్యలో తలుపున్న రెండు గదులు ఇవ్వగలరా అని హోటల్‌కి మెయిల్ రాయండి.

లిఫ్టు ఉందన్న మాట ఒక్కటే నమ్మవద్దు. పాత భవనాల్లో తర్వాత దూర్చిన లిఫ్టులో మనిషి, ఒక పెట్టె, అంతే పడతాయి. కొన్నిచోట్ల వీధి నుంచి రిసెప్షన్‌కి ఏడెనిమిది మెట్లుండి, ఆ తర్వాతే లిఫ్టు వస్తుంది. రివ్యూల్లో ‘స్టెయిర్స్’, ‘ఎలివేటర్’ అన్న మాటలు కొట్టి వెతకండి. గూగుల్ మ్యాప్‌లో వీధి బొమ్మ తెరిచి గుమ్మం ముందు ఏముందో కళ్లారా చూడండి. అయిదు నిమిషాల పని.

విమానాశ్రయం నుంచి: 2025 ధరల్లో షార్ల్ ద గాల్ నుంచి రైలు టికెట్ మనిషికి 13 యూరోలు, నలుగురికి 52. ట్యాక్సీకి ప్రభుత్వం నిర్ణయించిన ధర సీన్ నదికి కుడిగట్టు వైపు 56, ఎడమగట్టు వైపు 65. గార్ ద లియోన్ కుడిగట్టునే ఉంది. అంటే నాలుగు యూరోల తేడాకి పెట్టెలు మోసుకుంటూ రైలు మారడం తెలివైన పని కాదు. ట్యాక్సీ వరసలోనే ఎక్కండి, లోపలికొచ్చి ‘ట్యాక్సీ కావాలా’ అని అడిగేవాళ్ల వెంట వెళ్లకండి. నాలుగు పెద్ద పెట్టెలు మామూలు కారులో పట్టవు, రెండు పెద్దవి, రెండు చిన్నవి అయితే సరిపోతుంది.

ప్రశ్న: దసరా సెలవుల్లో రోమ్ నాలుగు రాత్రులు, వెనిస్ రెండు రాత్రులు. మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప. వెనిస్‌లో గదుల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. మెస్త్రేలో ఉంటే నష్టమా?
(సీతమ్మధార పాఠకుడు)

మెస్త్రే నేల మీదున్న ఊరు, వెనిస్ నీళ్ల మీదిది. రెండింటి మధ్య రైలు పది, పన్నెండు నిమిషాలు, టికెట్ ఒకటిన్నర యూరో దగ్గర ఉంటుంది. మెస్త్రే స్టేషన్ ఎదురుగానే హోటళ్లున్నాయి కాబట్టి డబ్బు పరంగా నష్టమేమీ లేదు. పోయేదల్లా తెల్లవారుజామూ రాత్రీ. పగటి జనం వెళ్లిపోయాకే వెనిస్ అందం తెలుస్తుంది. రెండు రాత్రులే కాబట్టి మా ఓటు వెనిస్‌కే, అయితే ఒక షరతు మీద. వెనిస్ రైల్వే స్టేషన్ శాంటా లూచియా నుంచి బయటికి రాగానే ఎడమవైపు లిస్టా ది స్పాన్యా అనే వీధి ఉంటుంది. గుల్యే వంతెన వచ్చేదాకా ఆ దారిలో ఒక్క వంతెనా ఎక్కక్కర్లేదు. వెనిస్‌లో వంతెన అంటే మెట్లే, కార్లు, ఆటోలు లేవు. మూడు వంతెనల అవతల చౌకగా దొరికిన గదికి 23 కిలోల పెట్టె మోసేసరికి మిగిలిన డబ్బు నడుం నొప్పికి చెల్లు. వాపొరెట్టో పడవ ఉంది గానీ 75 నిమిషాల టికెట్ తొమ్మిదిన్నర యూరోలు.

రోమ్‌లో తెర్మిని స్టేషన్ దగ్గర ఉంటే మీకు అన్నీ కలిసొస్తాయి. విమానాశ్రయం రైలు లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో అక్కడికే వస్తుంది, టికెట్ 14 యూరోలు. మెట్రో ఎ, బి లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి, వెనిస్ రైలూ అక్కడే ఎక్కుతారు. అయితే స్టేషన్‌కి అన్ని వైపులా ఒకేలా ఉండదు. దక్షిణం పక్క జొలిత్తి వీధి రాత్రిపూట అంత బాగుండదు. నాత్సియొనాలే వీధి, రెపూబ్లికా మెట్రో వైపు చూడండి. వాటికన్ మీద ఎక్కువ ధ్యాస ఉంటే ప్రాతి అనే పేట చూడండి, మెట్రో ఎ లైనులో ఒత్తవియానో లేదా లెపాంతో స్టేషన్. ట్రస్తెవెరె అనే పాత పేట ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది గానీ మెట్రో లేదు. పైగా నల్లరాతి దిమ్మెల దారుల్లో పెట్టె చక్రాలు ఊడొస్తాయి. అన్నట్టు, పియాత్సా విత్తోరియో అనే కూడలి దగ్గర బంగ్లాదేశీ, ఇండియన్ కిరాణా దుకాణాలున్నాయి, తెర్మిని నుంచి నడిచి వెళ్లొచ్చు.

గది అద్దెలో కలవని పన్ను ఒకటుంది. బుక్ చేసినప్పుడు చిన్న అక్షరాల్లో ఉంటుంది, హోటల్‌లో విడిగా కట్టించుకుంటారు. రోమ్‌లో మూడు నక్షత్రాల హోటల్‌కి మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగు నక్షత్రాలకి ఏడున్నర. పదేళ్లలోపు పిల్లలకి లేదు. మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకి 48 యూరోలు పక్కన పెట్టుకోండి. ఇలాంటి పన్ను చాలా ఊళ్లలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే తలకి ఇంత అని కాదు, గది ధర మీద పన్నెండున్నర శాతం.

అక్టోబరుకి ఇంకో మాట. రోమ్‌లో హీటర్లు వేసే కాలం చట్టప్రకారం నవంబరు 1న మొదలవుతుంది. అక్టోబరులో రాత్రి చలేసినా రేడియేటర్ చల్లగానే ఉండొచ్చు, చెడిపోయిందనుకుని పోట్లాడకండి. అదనపు దుప్పటి అడగండి, పాపకి స్వెటర్ పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మ బయటి తిండి ముట్టదు, శాకాహారి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే మేలా? కుక్కరు, పచ్చళ్లు, నెయ్యి తీసుకెళ్లొచ్చా?
(గోపాలపట్నం పాఠకురాలు)

మేలే. ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు ఉండేటట్టయితేనే. రెండు రాత్రులకి ఒకసారి ఊరు మారుతుంటే కొన్న ఉప్పు, నూనె పారేసి పోవడమే పని. పైగా అపార్ట్‌మెంట్లలో శుభ్రం చేసే ఛార్జీ అని ఒకసారే వేస్తారు. అది రెండు రాత్రుల మీద పడితే హోటల్ కంటే ఖరీదవుతుంది.

ముందు పొయ్యి చూడాలి. ఫొటోలో నల్లటి అద్దం పలకలా ఉంటే అది ఇండక్షన్ కావొచ్చు, మామూలు కరెంటు పొయ్యీ కావొచ్చు. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడే ఎక్కదు. ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టండి. గట్టిగా అంటుకుంటేనే ఆ గిన్నె పనికొస్తుంది. అసలు కుక్కరు మోయకుండా కూడా అన్నం అవుతుంది: గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లతో లోతైన గాజు గిన్నెలో మైక్రోవేవ్‌లో 12 నుంచి 15 నిమిషాలు. గిన్నె సగం కంటే ఎక్కువ నింపకండి, గంజి పొంగి పొర్లుతుంది.

పోపు జాగ్రత్త. ఎండుమిరపకాయలు మాడితే గది పైకప్పు మీదున్న పొగ పరికరం మోగుతుంది. కొన్ని భవనాల్లో అది నేరుగా అగ్నిమాపక కేంద్రానికి కలిపి ఉంటుంది, ఉత్తపుణ్యానికి పిలిపించినందుకు బిల్లు మీకే రావొచ్చు. పొయ్యి మీది ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, సన్నటి సెగ మీద వేయండి. హోటల్ గదిలో మాత్రం రైస్ కుక్కరు పెట్టకండి, చాలావాటిలో నిషేధం.

సామాను సంగతి. పాలు, మాంసం, వాటితో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి సీసా, పనీరు ఇంట్లోనే ఉంచండి. అక్కడ వెన్న దొరుకుతుంది, కాచుకుంటే ఇరవై నిమిషాల్లో నెయ్యి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడులకి ఇబ్బంది లేదు. ఊరగాయ చేతిసంచీలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. పెద్ద పెట్టెలోనే, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెట్టండి. (విశాఖ పాఠకులు అడగబోయేది తెలుసు: ఎండు చేపల మీద ఆ నిషేధం లేదు. పెట్టె తెరిచాక గది వాసన మీ పూచీ.)

బియ్యం మోయక్కర్లేదు, బాస్మతి ఏ సూపర్ మార్కెట్లోనైనా ఉంటుంది. అమ్మగారి కోసం రెండు చూసుకోండి. కొన్ని కొవ్వు తీసిన పెరుగుల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ కలుపుతారు, డబ్బా మీద చదవండి. ఇటలీలో పాస్తా మీద చల్లే పర్మెజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు. ‘వెజిటేరియన్’ అని మెనూలో ఉన్నా అది పడుతుంది.

అపార్ట్‌మెంట్ అసలైనదో కాదో చూడాలంటే నంబరు అడగండి. పారిస్‌లో ప్రకటన మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇటలీలో 2025 నుంచి సీఐఎన్ అనే కోడ్ తప్పనిసరి. నంబరు లేకపోయినా, ‘యాప్‌లో కాకుండా నా బ్యాంకు ఖాతాకి పంపండి, తగ్గిస్తాను’ అన్నా అక్కడితో వదిలేయండి.

ప్లగ్గుల గురించి కూడా అడిగారు. అక్కడా 230 వోల్టులే. రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ మామూలుగా పడుతుంది, మూడు పిన్నులవాటికి అడాప్టర్ కావాలి. లావుపాటి యూనివర్సల్ అడాప్టర్ స్విట్జర్లాండ్ గుంట సాకెట్లలో దూరదు, సన్నటిది కొనండి.

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక గది ఫ్లాట్. మేమిద్దరం సెప్టెంబరులో నెల రోజులు ఉండి రావాలని. వీసాకి హోటల్ బుకింగ్ చూపించాలా?
(ఉక్కునగరం పాఠకుడు)

అబ్బాయి దగ్గరే ఉంటే హోటల్ బుకింగ్ అక్కర్లేదు, కానీ ఆహ్వానం కావాలి. ఖర్చు కూడా అతనే భరిస్తానంటే అక్కడి విదేశీయుల కార్యాలయంలో ఫెర్‌ప్‌ఫ్లిష్‌టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అనే హామీపత్రం తీసుకోవాలి. నోరు తిరగకపోయినా అబ్బాయికి ఆ పేరే చెప్పండి. రుసుము 29 యూరోలు. జీతం చీటీలు, ఫ్లాట్ అద్దె ఒప్పందం చూపించాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు, అసలు ప్రతి మీకు కొరియర్లో రావాలి. కాబట్టి మొదట అబ్బాయి కదలాలి, తర్వాతే మీ వీసా తేదీ. మధ్యలో వేరే ఊళ్లు తిరిగితే ఆ రాత్రులకి మాత్రం బుకింగ్ చూపించాలి.

ఒక గది ఫ్లాట్‌లో ముగ్గురు, నెల రోజులు. మీ ఇష్టం. సగం రోజులు దగ్గర్లో వంటగది ఉన్న గది తీసుకోవడం అందరికీ సుఖం. కానీ సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మొదటి ఆదివారం దాకా మ్యూనిక్‌లో ఒక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగ. గదుల రేట్లు రెట్టింపు దాటిపోతాయి. బయట గది తీసుకునేది సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో పెట్టుకుని, పండగ రోజుల్లో అబ్బాయి ఫ్లాట్‌లో సర్దుకోండి.

జర్మన్ ఫ్లాట్లలో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం పొద్దున్నే పప్పు రుబ్బడానికి మిక్సీ వేస్తే కింది ఇంటివాళ్లు తలుపు కొడతారు. ఆ రోజు దుకాణాలూ మూసే ఉంటాయి, పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి.

ప్రశ్న: వీసా కోసం ‘డమ్మీ’ హోటల్ బుకింగ్ ఇస్తాం, వెయ్యి రూపాయలు అని ఏజెంటు అంటున్నాడు. ఇవ్వచ్చా?
(ద్వారకానగర్ పాఠకుడు)

వద్దు. కాన్సులేట్ వాళ్లు హోటల్‌కి ఫోన్ చేసి అడగొచ్చు, అక్కడ మీ పేరు లేకపోతే తిరస్కరణ రాయడానికి వాళ్లకి అదే చాలు. ఉచితంగా రద్దు చేసుకునే అసలు బుకింగే మీరే చేసుకోండి. ఏజెంటుకిచ్చే వెయ్యి కూడా మిగులుతుంది. పత్రంలో వెళ్లేవాళ్లందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక పేరు, ‘ప్లస్ 3 అతిథులు’ అని ఉంటే మిగతా ముగ్గురి ఫైళ్లకి బస రుజువు లేనట్టే. మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి దాకా ఖాళీ ఉండకూడదు. రాత్రి రైల్లో పడుకుంటే ఆ టికెట్ పెట్టండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా (షెంగెన్) కాబట్టి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు, సమానమైతే మొదట దిగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. రద్దు గడువు వీసా చేతికొచ్చే తేదీ దాటి ఉండేలా చూసుకోండి.

ఇలాంటి బుకింగులు తెలియకుండా రద్దయిపోవడానికి మామూలు కారణం కార్డు. మన బ్యాంకులు కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆపేసి ఇస్తాయి. హోటల్ సరిచూడబోతే ‘డిక్లైన్డ్’ అని వస్తుంది, ఒక మెయిల్ పంపి రద్దు చేస్తుంది. బుక్ చేసే ముందే బ్యాంకు యాప్‌లో ఆ మీట నొక్కండి. అక్కడ చెల్లించేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే. రూపాయలంటే మెషీన్ తన రేటు వేసి ఎక్కువ లాగుతుంది.

ప్రశ్న: జులైలో వెళ్తున్నాం. అక్కడ చల్లగా ఉంటుంది కదా, ఏసీ ఎందుకు?
(మధురవాడ పాఠకురాలు)

2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. పారిస్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో చాలా హోటళ్లకి ఏసీ ఉండదు, సీలింగ్ ఫ్యాను అసలే ఉండదు. పై అంతస్తులో వాలు కప్పు కింది గది అయితే రాత్రంతా ఉడుకుతుంది. మనకి బీచ్ గాలైనా ఉంది. వెతికేటప్పుడు ‘ఎయిర్ కండిషనింగ్’ దగ్గర టిక్ పెట్టండి.

ప్రశ్న: వియన్నాలో ‘మొదటి అంతస్తు, లిఫ్టు లేదు’ అని ఒక ఫ్లాట్ చౌకగా ఉంది. ఒక్క అంతస్తే కదా?
(భీమిలి పాఠకుడు)

కాకపోవచ్చు. వియన్నా పాత భవనాల్లో కింది అంతస్తు మీద హోఖ్‌పార్టెర్, దాని మీద మెత్సానీన్ అని రెండుంటాయి. వాటి తర్వాతే ‘ఒకటి’ మొదలు. అంటే మీ మొదటి అంతస్తు మన లెక్కలో మూడోది కావొచ్చు. వీధి నుంచి తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లో యజమానిని అడగండి.

ప్రశ్న: మా విమానం పొద్దున్న ఏడింటికి దిగుతుంది. హోటల్ వాళ్లు మధ్యాహ్నం మూడింటికి గది అంటున్నారు.
(మర్రిపాలెం పాఠకుడు)

పెట్టెలు రిసెప్షన్‌లో పెట్టి తిరగొచ్చు, దానికి చాలావరకు డబ్బు తీసుకోరు. చిన్నపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ముందు రాత్రికి కూడా బుక్ చేసుకోండి. కానీ ‘మరుసటి రోజు పొద్దున్న 8 గంటలకి వస్తాం, గది ఉంచండి’ అని తప్పకుండా రాయండి. రాయకపోతే ఆ రాత్రి మీరు రాలేదని లెక్కేసి మొత్తం బుకింగే కొట్టేస్తారు. సరేనని వాళ్లిచ్చిన జవాబు ప్రింటు తీసి పాస్‌పోర్టుల సంచీలో పెట్టుకోండి.